వదిన బండికి అరువు కాళ్లు

మా వదిన పోయింది. సోమవారం పొద్దున లాల్‌దర్వాజాలో వదిన ఉండే మా పాత గల్లీ నుంచి, అక్కడ పాన్ కొట్టు నడిపే పాన్‌డబ్బా అన్న ఆటోలో మా ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. "అమ్మా, టీచరమ్మ నిద్రలనే పోయింది. పాలాయన ఎంత పిలిచినా తలుపు తీయలే." శనివారం కూడా ఆమె బండి మీదే బడికి వెళ్లి వచ్చింది. ఆ బండి సంగతి చెప్పకుండా వదిన సంగతి చెప్పడం నా వల్ల కాదు.

ఆమె మా ఆయనకు అక్క, లెక్కల టీచరు. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడి కాలు చచ్చుబడింది. చంకలో కర్రతో నడిచేది. నేను కొత్తకోడలిగా వచ్చిన ఏడాదే ఆమెను సంతోష్‌నగర్ బడికి బదిలీ చేశారు. అంతకుముందు బడి వీధి చివరే. ఇప్పుడు రిక్షా దొరికి, అది అక్కడికి చేరేసరికి మొదటి పీరియడ్ అయిపోయేది. ఇంకోసారి ఆలస్యమైతే ఊరుకోనని పెద్దపంతులమ్మ చెప్పేసింది. నౌకరీ మానేసి ఇంటి పట్టున ఉండమని మా అత్తమ్మ రోజూ పోరేది. వదిన ఆ మాట వింటూనే కర్ర అందుకుని రిక్షా కోసం బయల్దేరేది.

అప్పుడు మా ఆయన ఎక్కడో వేలంలో ఒక పాత మోటార్ సైకిల్ పట్టుకొచ్చాడు. దానికి ఎడమ పక్కన సైడ్‌కార్, అంటే ఒక చక్రం మీద మనిషి కూర్చునే డబ్బా ఉంది. యాకుత్‌పురా మెకానిక్ భాయ్‌తో కలిసి ఆ డబ్బాను పెళ్లి పల్లకీలా ముస్తాబు చేశాడు. మెత్తటి దిండు, ఎక్కడానికి మెట్టు, కర్ర తగిలించుకోవడానికి కొక్కెం. వదిన వాకిట్లోకి వచ్చి చుట్టూ తిరిగి చూసింది.

"మంచిగున్నది. ఇండ్ల ఎవరు కూసుంటరు?"

"నువ్వే అక్కా. నేను నడుపుత."

"నీకు ఎండకాలం జలుబు, చలికాలం జలుబు. నువ్వు పండుకున్న రోజు నా నౌకరీ కూడ పండుకోవాల్నా?"

భాయ్ మెల్లగా అడ్డం వచ్చాడు. "అమ్మా, గేరు కుడికాలు కింద ఉంటది. కిక్ భీ గట్లనే."

"పక్కకు ఈ డబ్బా ఉంటే బండి పడదు కద, భాయ్? ఆగినప్పుడు కాలు కింద పెట్టే పని లేదు కద?"

భాయ్ మా ఆయన మొహం చూసి నవ్వేశాడు. "బాత్ సహీ హై. మాట నిజమే." మేమంతా ఆ సైడ్‌కార్‌ను ఆమె కోసం కుర్చీ అనుకున్నాం. ఆమె దాన్ని తనకు లేని కాలు అనుకుంది. అత్తమ్మ మాత్రం నెత్తి కొట్టుకుంది. "ఆడిది మోటరు నడిపితే గల్లీ అంత చూస్తది."

"చూడనీ అమ్మా. చూస్తెనే పక్కకు జరుగుతరు."

భాయ్ గేరుకు ఒక ఇనుప కడ్డీ అతికించి, పెట్రోలు ట్యాంకు పక్కన చేతికి అందేలా పైకి తెచ్చాడు. వెనక బ్రేకు ఎలాగూ ఎడమ కాలికే ఉంది. వదిన గోచీ పోసి చీర కట్టుకుని బండెక్కింది. భాయ్ కిక్కు కొట్టి ఇంజన్ స్టార్ట్ చేశాడు. గుడి దగ్గర ఎడమకు తిరగ్గానే ఖాళీ సైడ్‌కార్ చక్రం గాల్లోకి లేచింది. మేం కేకలు పెడుతుంటే ఆమె తాపీగా తిరిగొచ్చి, "డబ్బాల బరువు చాలలే" అంది. భాయ్ ఇసుక బస్తా వేయించాడు. మర్నాడు బడికి బయల్దేరుతూ వదిన ఆ బస్తా తీయించేసి నన్ను పిలిచింది.

"నువ్వెక్కు. ఇసుక మాట్లాడది."

నేను ఎక్కి డబ్బా అంచు రెండు చేతులా పట్టుకున్నాను. "భయమైతే నువ్వు కండ్లు మూసుకో. నేను తెరుచుకునే ఉంట" అంది. మొదటి వారం నిజంగానే మూసుకున్నాను. నేను రోజూ వెళ్లి బడి వరండాలో ఊరికే కూర్చోవడం చూసి, వదిన నన్ను పక్కనే ఉన్న టైప్ ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించింది. ఈ రోజు నేను చేస్తున్న ఉద్యోగం అలా వచ్చిందే. ఆమె రుణం నేనెలా తీర్చుకోగలను?

కిక్కుకు మాత్రం భాయ్ దగ్గర కూడా ఉపాయం దొరకలేదు. "గల్లీల మగోళ్లకు కాళ్లు లేవా?" అంది వదిన. ఆ రోజు నుంచి అదే మా గల్లీ ఆనవాయితీ. ఆమె బండెక్కి హారన్ కొడితే ఎవరు దగ్గరుంటే వాళ్లు వచ్చి కిక్కు కొట్టాలి. పూజారిగారు మడిబట్టతోనే కొట్టేవారు. పాలాయన క్యాన్ దించి వచ్చేవాడు. పాన్‌డబ్బా అన్న జారకుండా ఉండాలని కుడి చెప్పు విడిచి మరీ కొట్టేవాడు. ఎవరైనా జాగ్రత్తలు చెప్పబోతే, "కాలు అరువియ్యి చాలు, సలహా ఇంటికి తీస్కపో" అనేది. బతిమాలడం ఆమెకు చేతకాదు. అడిగిన తీరు అలాంటిది కాబట్టే ఎవరూ దాన్ని సాయం అనుకోలేదు. వాన రోజుల్లో బండి మొరాయిస్తే వంతులేసుకుని కొట్టేవాళ్లు.

సోమవారం మధ్యాహ్నం ఆమెను శ్మశానానికి తీసుకెళ్లడానికి వదిన ఇంటి ముందుకు వ్యాన్ వచ్చింది. మోటార్ సైకిల్ వాకిట్లోనే ఉంది. సైడ్‌కార్‌లో నేను కూర్చునే దిండు ఎండకు వెలిసిపోయి కనిపించింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమెను లోపల పడుకోబెట్టి తలుపు వేశారు. అప్పుడు పూజారిగారు, పాలాయన, పాన్‌డబ్బా అన్న ఎవరూ పిలవకుండానే గుంపులోంచి ముందుకు వచ్చి వ్యాన్ పక్కన నిలబడ్డారు. డ్రైవర్ తాళం తిప్పాడు. వ్యాన్ ఒక్కసారికే స్టార్ట్ అయి, గల్లీ మలుపు తిరిగి వెళ్లిపోయింది.

పాన్‌డబ్బా అన్న ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. అతని కుడి చెప్పు విడిచి ఉంది.