చింతపిక్కల డబ్బా, గోడమీది కాగితం

కుడిచేతికి మునుపటి పట్టు లేదని పోయిన వారం మా కూతురు నన్ను కడపలో ఒక వైద్యశాలకు తీసుకుపోయింది. అక్కడ ఒక తలుపు మీద వినోద చికిత్స అని రాసి ఉంది. అక్షరాలు యాభై దాటాక నేర్చినదాన్ని కాబట్టి కంటపడిన బోర్డునల్లా చదవకుండా ఉండలేను. లోపల మనవరాలి ఈడు పిల్ల నా ముందు వామనగుంటల పీట పెట్టి, గుంటకు నాలుగేసి చింతపిక్కలు పోసి, ఎట్లా ఆడాలో నాకే నేర్పబోయింది. ఆట అయ్యాక ఒక కాగితం చేతికిచ్చి, అందులో 'ఇష్టమైనవి' అనే గడి నింపుకుని రమ్మంది. మంచి మర్యాద తెలిసిన పిల్ల. అయినా కడుపులో సన్నగా మంట లేచింది. ఆ మంట నాకు కొత్తది కాదు, ఇరవై ఏళ్ల నుంచీ ఎరిగినదే.

అప్పట్లో నేను కర్నూలులో ఒక ఆసుపత్రిలో ఆయాగా ఉండేదాన్ని. పక్షవాతం వచ్చినవాళ్లను నెలల తరబడి ఉంచుకుని చూసే చోటు అది. మాది ఆత్మకూరు దగ్గరి మెట్ట పల్లె, జొన్నచేలు తప్ప వేరే బడి ఎరగను. పొద్దున పక్కబట్టలు మార్చి, స్నానాలు చేయించి, గంజి తాగించాక మధ్యాహ్నం కాస్త తీరిక దొరికేది. అప్పుడు రేకుడబ్బాలో దాచిన చింతపిక్కలు తీసి ఒక్కొక్కరి మంచం దగ్గరా కూర్చుని వామనగుంటలు ఆడించేదాన్ని. నాకెవరూ చెప్పలేదు, చెయ్యమని అడగలేదు. బిగుసుకుపోయిన వేళ్లు పిక్క కోసం మెల్లగా విచ్చుకోవడం చూస్తే, మన ఈడు వాళ్లకు తెలుసు కదా, మొదటి వానకు మొలకెత్తిన చేను చూసినంత సంబరం. డబ్బా గలగల వినబడితే చాలు, వార్డంతా నా వైపు తల తిప్పేది. ఆ తల తిప్పడమే నా ఆస్తి అనుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే మగ్గం నేసే నేత ఆయన ఒకరు వచ్చి చేరాడు. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఆయన పిక్కలు ముట్టుకోలేదు. నేనేం చేశానంటే, చేతికి అలవాటైన పనైతే చేస్తాడు కదా అని బజారు నుంచి నూలు తెప్పించి, ఎడమచేత్తో దాన్ని పుల్లలకు కండెలుగా చుట్టించడం మొదలుపెట్టాను. చుట్టాడు. చుట్టేటప్పుడు ఆయన కళ్లలో నీళ్లు తిరిగేవి. సంతోషమనుకున్నాను. చూడండి నా ఘనత అన్నట్టు డాక్టరును పిలుచుకొచ్చి చూపించాను కూడా.

అప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరింది ఒక పిల్ల. కడప పిల్లే, బెంగుళూరులో చదివి వచ్చింది. రోగులను ఆడించడానికీ పాడించడానికీ చదువుంటుందని మేము విననే లేదు. రెండు జడలు, మెడలో గుర్తింపు బిళ్ల, చేతిలో ఎప్పుడూ ఒక పుస్తకం. ఆమె ప్రతి మంచం దగ్గరా కూర్చుని ఏవేవో అడిగి రాసుకునేది. నేను తలగడలు సర్దుతున్నట్టు నటిస్తూ చెవులు రిక్కించేదాన్ని. నిజం చెప్పాలంటే, ఆమె జారిపడాలని కోరుకోలేదు గానీ, ఆమె పుస్తకం పోతే బాగుండునని మాత్రం రెండు మూడుసార్లు అనుకున్నాను.

నెలకొకసారి వచ్చే నేత ఆయన భార్య ఆ వారం వచ్చింది. మంచం మీద కండెలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏందమ్మా ఇది? ఈయప్పతో కండెలు చుట్టిస్తాండారా? మా యిండ్లల్లో అది ఆడోళ్లూ పిల్లోళ్లూ చేసే పని. మగ్గం మీద కూసునేటోనికి ఇది శానా అవమానం గదా!"

నా చేతిలో నీళ్ల చెంబు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో గుర్తులేదు. మాట లేని మనిషి వద్దని ఎట్లా చెబుతాడు? ఇన్నాళ్లూ ఆ కన్నీళ్లను నేను నా గొప్పగా లెక్క వేసుకున్నాను.

ఆ పిల్ల మాత్రం నా వైపు చూడనే లేదు. ఆయనకు ఏమి ఇష్టమని భార్యను అడిగింది. ఊళ్లో చెక్కభజన గుంపుకు ఆయనే గురువట, ఏటా అహోబిలం తిరునాళ్లకు గుంపుతో నడిచిపోయేవాడట. మర్నాడు ఆమె చెక్కలు తెచ్చి ఆయన ఎడమచేతిలో పెట్టింది. ఆయన వాటిని చాలాసేపు చూసుకుని, ఒకసారి మోగించి, నవ్వాడు. వార్డంతా ఆ చప్పుడు వైపు తిరిగింది. నా డబ్బా నా ఒళ్లోనే ఉంది. ఆ నవ్వు నాకు రావలసింది అనిపించింది. అంత సిగ్గులోనూ మొదట అనిపించింది అదే.

కొన్నాళ్లకు ఎవరి పని ఎంతవరకో కాగితం మీద పెట్టాలని పెద్దలంతా కూర్చున్నారు. నేను టీలు ఇస్తున్నాను. కాళ్లూ చేతుల వ్యాయామం తనదని ఒకాయన, మందులూ పడిపోకుండా కాపాడడమూ తమవని పెద్ద నర్సక్క, గుండీలు పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం నేర్పేది తానని ఇంకొకామె పంచుకున్నారు. చివరికి వ్యాయామం ఆయన నవ్వుతూ అన్నాడు.

"ఇంగ నీకేం మిగిలిందమ్మా? ఆటలాడించేదానికి మా ఆయా ఉండాది గదా!"

అందరూ నవ్వారు. నేను ట్రే పట్టుకుని లోలోపల ఉబ్బిపోయాను. ఆ పిల్ల నవ్వలేదు.

"ఆడించేది అత్త పనే సార్. ఏ మనిషికి ఏది మనసైనదో తెలుసుకోని, అది ఎందుకిస్తాండామో, ఇచ్చినంక ఏం మారిందో చూసి రాసేది నా పని."

అత్త అని నన్నే అన్నది. అప్పటికీ నాకు ఒళ్లు మండింది. నా పని నాకు పంచిపెట్టడానికి ఈమె ఎవరు?

కాగితం తయారయ్యాక ఆయాలకోసం తెలుగులో ఒక ప్రతి గోడకు అంటించారు. నర్సక్క హడావిడిలో ఉంది.

"ఆటలు ఇంగ ఆ పిల్ల చూసుకుంటాదంట. ఏలిముద్ర ఎయ్యి."

వేశాను. మిగతాది చదివి వినిపించమని అడగడానికి నోరు రాలేదు. డబ్బా అటకెక్కించాను. ఆ పిల్ల రెండుసార్లు రమ్మని పిలిస్తే పనుందన్నాను. పిక్కలు ఏవని రోగులు అడిగితే, చదువుకున్నోళ్లను అడగండన్నాను. ఏడాదిన్నర అట్లాగే గడిచింది.

ఆ కాగితంలో నన్ను ఎంత తక్కువ చేశారో నా కళ్లతో చూడాలన్న కసితో మనవరాలి పలక పట్టాను. అందరూ జ్ఞానం కోసం చదువుకుంటారు, నేను ఈర్ష్య కోసం చదువుకున్నాను. అక్షరాలు కూడబలుక్కుంటూ ఒక మధ్యాహ్నం గోడ దగ్గర నిలబడ్డాను. నా వరుస అట్టడుగున ఉంది. 'ఆయాలు రోగులతో ఆటలు ఆడించవచ్చును, కొత్త ఆట మొదలుపెట్టే ముందు రోగికి ఏది ఇష్టమో ఆయాలను కూడా అడగవలెను' అని ఉంది.

మళ్లీ చదివాను. అదే ఉంది. అప్పటికి ఆ పిల్ల వేరే ఊరు పోయి నెల దాటింది, నేత ఆయన అంతకు ముందే ఇల్లు చేరాడు. ఆయన్ను ఏమి ఇష్టమని ఒక్కనాడూ అడగని నన్ను అడగమని రాసిపోయింది. ఆ మంచితనం కూడా తానే కొట్టేసిందే అని నిలబడ్డచోటే మళ్లీ కుళ్లుకున్నాను. ఆ సాయంత్రం డబ్బా దించితే పిక్కలు సగం పుచ్చిపోయి ఉన్నాయి.

మన కాలంలో ఈ పనికి పేరు లేదు, తలుపు లేదు, బోర్డు లేదు. పేరు లేదు కాబట్టి ఎవరైనా చేసేవాళ్లం, తప్పు చేసినా తెలిసేది కాదు. ఇప్పుడు అడిగి, రాసుకుని, ఆ తర్వాతే పీట పెడుతున్నారు. ఇదే మంచిదని ఒప్పుకుంటాను. కానీ నేను పని చేసే వయసులో నన్నెవరూ అట్లా అడగలేదని, ఆ అడిగే చదువు నాకు దొరకలేదని బాధ మాత్రం పోలేదు.

కడప వైద్యశాలలో పిల్ల ఇచ్చిన కాగితం వారంగా నా తలగడ కింద ఉంది. మొదట వామనగుంటలు అని రాసి కొట్టేశాను. అది నేను నలుగురికీ పెట్టిందే గాని నాకు ఇష్టమో కాదో తెలియదు. ఈ పొద్దున వంకర అక్షరాలతో రాశాను, ఎదుటివాళ్లను ఆడించడం అని. రేపు ఆ పిల్ల చదివి, అది నా పని కదవ్వా అని నవ్వుతుందేమో. నవ్వనీ. ఇంత చోటు నాకూ వదలమని అడుగుతాను.