తూటా అడుగున ఎర్ర చుక్క

మామ పోయిన కబురు నా ఫోనుకు రాలేదు, మా ఆయన ఫోనుకు వచ్చింది. తెల్లవారుతూనే మోగింది. ఆయన స్నానానికి పోయి ఉంటే నేనే ఎత్తాను. అవతల అత్త. నా గొంతు విని కాస్త ఆగి, "అల్లుడు లేడా పాపా? అల్లుడికియ్యి" అంది. అంతటితో నాకు సంగతి తెలిసిపోయింది. స్నానాల గది తలుపు తట్టి ఫోను లోపలికి అందించాను. అమ్మకు సొంత అన్న, నా బడి సెలవులన్నీ ఎవరింట్లో గడిచాయో ఆ మనిషి, పోయాడన్న మాటను నేను తలుపు ఇవతల నిలబడి, మా ఆయన ఏడుపుగా విన్నాను.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మంచి మాటతో మొదలుపెట్టాలని తెలుసు. మొదలుపెట్టి చూశాను కూడా. కుదరలేదు. త్రాసు ముల్లు వెంట్రుకంత పక్కకు జరిగినా మామ చూడనట్టు ఊరుకునేవాడు కాదు. ఆయన మీద రాసే నాలుగు మాటల్లో నేను ఊరుకోవడం బాగుండదు.

చంద్రగిరి దాటాక కొండ కిందున్న పల్లె మామది. వేరుశనగ, కొంచెం చెరుకు. కొండ దిగివచ్చి కాయంతా తవ్వుకుపోయే అడవి పందులు. వాళ్ల నాయన కాలం నాటి రైఫిలు ఒకటి లైసెన్సుతో సహా మామకు వచ్చింది. దూరపు వేటకు చేసిన తుపాకీ అది. వేట ఎప్పుడో ఆగిపోయింది. పందుల్ని కొట్టడానికి అటవీశాఖ వాళ్లు కాగితం ఇచ్చిన ఏళ్లలో తప్ప అది ప్రాణమున్న దాని మీద పేలింది లేదు. తక్కిన కాలమంతా బోడిగుట్ట వాలుకు ఆనించిన అట్టముక్క మీదే.

అంగట్లో దొరికే తూటాలు మామకు నచ్చేవి కావు. "అవి ఎవురి తుపాకీకో కట్టినవి పాపా. మన తుపాకీ మనసు వాళ్లకేం తెలుస్తాది?" అనేవాడు. కావలసిన అనుమతులన్నీ తెచ్చుకుని తనే కట్టుకునేవాడు. పేలిన ఇత్తడి తొడుగులు ఏరుకొచ్చి శుభ్రం చేయడం, అడుగున నిప్పు పుట్టించే కొత్త టోపీ అమర్చడం, తుపాకీ మందు తూచి పోయడం, పైన గుండు బిగించడం. మందు తక్కువ తూకంతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుతూ, ఒక్కో తూకానికి కొన్ని తూటాలు కట్టి గుట్ట దగ్గర కాల్చి చూసేవాడు. అట్ట మీద చిల్లులు ఎక్కడ ఒకదాన్నొకటి ఆనుకుని పడితే అది ఆ తుపాకీకి నచ్చిన తూకం. అక్కడితో ఆపేయాలి. "ఎక్కువ మందు పోస్తే ఎక్కువ దూరం పోతాదనుకునేటోడికి ఇంకా కట్టడం రాలేదని అర్థం" అనేవాడు. చదువులో, ఉద్యోగంలో, వంటలో కూడా ఈ మాట నాకు పనికొచ్చింది. మామకు ఆ సంగతి చెప్పలేదు.

తూచడానికి ఒక కంసాలి త్రాసు ఉండేది. గాలి తగిలితే దాని తట్టలు ఊగుతాయని ఎండాకాలం మధ్యాహ్నం కూడా ఫ్యాను ఆపేసేవాడు. అత్త విసనకర్ర పట్టుకుని గడప అవతల కూర్చుని సాధించేది. "పందులు సచ్చేది ఎప్పుడో గానీ, ఈ ఉక్కకు ముందు నేను సస్తా." మామ మాట్లాడేవాడు కాదు. మాట్లాడితే ఊపిరి తట్టకు తగులుతుందట.

తూటాలు కట్టే బల్ల దగ్గర నేను కూర్చోవాలంటే ఒక పరీక్ష ఉండేది. "ఈ పొద్దు ఎవురితోనైనా కొట్లాడినావా పాపా?" అని అడిగేవాడు. కొట్లాడినానంటే ఆ రోజుకు బయటే. మనసు ఎక్కడో పెట్టుకుని మందు పోస్తే ఒక తొడుగులో రెండుసార్లు పోస్తాం, చెయ్యి పోతుంది, కన్ను పోతుంది. తనకూ అదే నియమం. అత్తతో మాటామాటా అనుకున్న రోజు మామ బల్ల ముట్టేవాడు కాదు. అత్తకు ఇది బాగా తెలుసు. చుట్టాలొచ్చిన రోజు ఆయన బల్ల దగ్గర కూర్చుంటాడేమోనని అనుమానమొస్తే పొద్దున్నే ఏదో ఒకటి కొట్లాడి పెట్టేది.

నాకు పదహారు, పదిహేడేళ్ల వయసులో, నేను కట్టిన తూటాల అడుగున టోపీ చుట్టూ నా గోళ్ల రంగు పూశాను. వానాకాలం చెమ్మకు టోపీలు పాడవుతున్నాయని మామ దిగులుపడుతుంటే, తడి లోపలికి పోకుండా ఆపుతుందని తోచింది. మామ ఒకటి తీసి తిరగేసి చూశాడు.

"ఏందే ఇది? తూటాకు పెండ్లి సేస్తా ఉండావా?"

"తడి పోదు మామా, చూడు."

ఆ ఏడాది తుపానుకు ఇంట్లో గోడలు కూడా చెమ్మ పట్టాయి. తర్వాత గుట్ట దగ్గర ఆయన కట్టినవి కొన్ని పేలలేదట. నావన్నీ పేలాయట. అప్పటి నుంచి నేను కట్టినవాటికి ఎర్రరంగు చుక్క ఖాయమైంది. "పేలాయట" అని ఎందుకు రాస్తున్నానంటే, గుట్ట దగ్గరికి మామ నన్నెప్పుడూ తీసుకుపోలేదు. ఆడపిల్లననా, అమ్మ ఏమైనా అంటుందనా, తెలియదు. నేను అడగలేదు. బల్ల నాది, గుట్ట ఆయనది అనుకుని సరిపెట్టుకున్నాను.

తిరుపతిలో యూనివర్సిటీలో కెమిస్ట్రీ చదివాను, అక్కడే కాలేజీలో ఉద్యోగం, తర్వాత పెళ్లి. మా ఆయన వాళ్లది చిత్తూరులో బెల్లం మండీ. తుపాకీని సినిమాలో తప్ప చూడని మనిషి. పెళ్లయ్యాక మొదటిసారి మామ ఇంటికి పోయినప్పుడు, కాఫీ తాగడం కూడా కాలేదు, మామ లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"రా అబ్బా, గుట్ట కాడికి పోయొస్తాం."

నేను కాఫీ గ్లాసులు పట్టుకుని వాకిట్లో నిలబడ్డాను. గుట్ట వైపు నుంచి ఒక్కొక్క చప్పుడూ వస్తోంది. తిరిగొచ్చేసరికి మా ఆయన ముఖం వెలిగిపోతోంది. "మీ మామ భలే మనిషే! నేను అట్టకే తగిలించినా తెలుసా!" అన్నాడు. అట్టకు తగిలిందట. ఆ తూటా కట్టింది నేను.

ఆ తర్వాత మా ఆయన చెన్నై నుంచి బ్యాటరీ త్రాసు తెచ్చిపెట్టాడు. గాజు మూత ఉన్నది. ఇక ఫ్యాను ఆపక్కర్లేదు. అత్త సంతోషపడింది. మామ కంసాలి త్రాసును గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు. నాకైతే నన్నే చుట్టి పైన పెట్టినట్టు అనిపించింది. ఇది చిన్న సంగతని నాకూ తెలుసు. చిన్నదని తెలిసినా తగ్గలేదు.

ఆ వేసవిలోనే ఒకరోజు నేను బల్ల దగ్గరికి పోతే మామ ఎప్పటిలాగే అడిగాడు.

"ఎవురితోనైనా కొట్లాడినావా పాపా?"

"లేదు మామా."

నిజంగానే ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. మామ నా చేతి వైపు చూశాడు.

"నోరు కొట్లాడలేదులే. సెయ్యి కొట్లాడతా ఉండాది. లెయ్."

లేచాను. నా కుర్చీలో మా ఆయన కూర్చున్నాడు. ఆయనకు ఏ కొట్లాటా లేదు పాపం, చేతులు నిశ్చలంగా ఉన్నాయి. ఆ తర్వాత నేను మళ్లీ ఆ బల్ల దగ్గర కూర్చోలేదు. మామ పిలవలేదు. నేను పిలిపించుకోలేదు. పోయినప్పుడల్లా అత్తతో వంటింట్లో కూర్చుని, పక్కగదిలో మామా అల్లుళ్లు గుసగుసగా తూకాలు చెప్పుకోవడం వినేదాన్ని. కాఫీ ఇవ్వడానికి మాత్రం తలుపు దాకా పోయేదాన్ని. ఇద్దరూ ఒకేసారి తల ఎత్తకుండా "పెట్టిపో" అనేవాళ్లు.

దినాల రోజు కూడా ఊరంతా మా ఆయన్నే ఓదార్చింది. "కొడుకు లేని లోటు తీర్చినావప్పా" అని ఒకాయన, "ఆ తుపాకీ ఇంక నీదే కదప్పా" అని ఇంకొకాయన. కొడుకు లేని లోటు తెలిసిన వాళ్లకు మేనకోడలు ఉన్న సంగతి గుర్తు రాలేదు. నాకు ఆ తుపాకీ కావాలి. ఏం చేసుకుంటానో తెలియదు. కాల్చడం కూడా రాదు. అది మా ఆయన పేరున మాత్రం పోకూడదు. అంతే.

చట్ట ప్రకారం రైఫిలూ తూటాలూ పోలీసుస్టేషనులో అప్పజెప్పి, వారసుల్లో ఎవరో ఒకరు లైసెన్సుకు పెట్టుకోవాలి. అత్త పెట్టె తెరిచి మా ఇద్దర్నీ పిలిచింది. తూటాలన్నీ అరల్లో నిలబెట్టి ఉన్నాయి. ఒక మూల కొన్నింటి అడుగున ఎర్రచుక్క. పెళ్లికి ముందు సెలవుల్లో నేను కట్టినవి. ఇన్నేళ్లూ అలాగే ఉన్నాయి.

"ఆ మొదటి రోజు తర్వాత నావి కాల్చనే లేదన్నమాట" అన్నాను. 

మా ఆయన నా వైపు తిరిగాడు. ముఖంలో దుఃఖం కాదు, ఏదో ఉక్రోషం.

"కాల్చలేదా? ఆ మూల నిండా ఉండినాయి, తెలుసా? నేను కట్టినవన్నీ అట్టముక్కకే. పంది కోసం పోయిన రోజు మీ మామ ఎర్రచుక్కదే తీసేవాడు. ఒకసారి నేను సెయ్యి పెట్టబోతే కొట్టినాడు, 'అవి నీవి కాదు అబ్బా' అని. సల్లగా ఉన్న గొట్టంలో నుంచి పోయే తొలి గుండే అసలు గుండంట. గొట్టం వేడెక్కేదాకా పంది నిలబడి ఉంటాదా, అంటాడు. నావి ఆ తొలి గుండుకు పనికిరావు. ఇన్నేళ్లు ఆయన పక్కన కూసోని నేర్సుకున్నా, ఒక్కటీ పనికిరాలా."

అత్త ముక్కు తుడుచుకుంటూ, "మీరిద్దురూ దీనికే కొట్లాడి సస్తారని ఆయనకు తెలుసు. అందుకే ఇద్దుర్నీ ఒకేసారి ఆ బల్ల కాడికి రానీలా" అంది.

నేను నమ్మాలనుకున్నాను. వెంటనే అనుమానం. నా చేతి పని మీద నమ్మకమా, లేక తడికి పాడుకావన్న లెక్క ఒక్కటేనా? నమ్మకమైతే నాతో ఒక్కసారి ఎందుకు అనలేదు? ఆ ఉక్రోషంలో మా ఆయన అబద్ధం చెప్పడని మాత్రం తెలుసు. అసూయ నాకు బాగా తెలిసిన రుచి. ఎదుటివాళ్లలో గుర్తుపట్టగలను.

స్టేషనులో రైటరు తూటాలను ఒక్కొక్కటే తిరగేసి బల్ల మీద పెట్టాడు. "ఈ ఎర్రగా ఉండేది ఏందప్పా?" అని మా ఆయన్ని అడిగాడు. మా ఆయన నా వైపు చూపించాడు. "గోళ్ల రంగు సార్" అన్నాను. అతను నా గోళ్ల వైపు చూశాడు. వాటికి ఏ రంగూ లేదు.

"లైసెన్సుకు ఎవురు పెట్టుకుంటారు?" అన్నాడు, కలం మా ఆయన వైపు పెట్టి. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. అలా చూడటానికి ఆయనకెంత కష్టమైందో నాకు తెలుసు.

"నేను" అన్నాను.

ఇస్తారో లేదో తెలియదు. అత్త కంసాలి త్రాసు మాత్రం అటక మీద నుంచి దించి నా సంచిలో పెట్టింది. నిన్న మధ్యాహ్నం దాన్ని భోజనాల బల్ల మీద నిలబెట్టి ఫ్యాను ఆపాను. తట్టల్లో ఏమీ వేయలేదు. మా ఆయన గదిలోంచి "ఏమే, ఫ్యాను ఎందుకు ఆపినావ్?" అంటూ వచ్చి, త్రాసు చూసి, గడప దగ్గరే ఆగిపోయాడు. ఊపిరి తగలకుండా మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఈ అలవాటు ఎవరు నేర్పారో తెలుసు, అందుకే మళ్లీ అసూయ. నేనూ మొహం పక్కకు తిప్పుకున్నాను. మెడ మీద చెమట కారుతోంది. ఖాళీ తట్టలు రెండూ ఒకటి పైకి, ఒకటి కిందికి, ఇంకా ఊగుతూనే ఉన్నాయి.