పదునెక్కిన కత్తి, పనసపొట్టు కూర

పొద్దున్నుంచి మా ఆయన వంటింటి కత్తికి పదును పెడుతున్నారు. కత్తి కదలకుండా బిగించే చట్రమట, చివర్లో మెరుగుపెట్టడానికి తోలుపట్టీ అట, అన్నీ ఆన్‌లైన్లో తెప్పించారు. తడిసిన రాయి వాసన తగలగానే నాకు అమలాపురంలో అమ్మమ్మ పెరడు గుర్తొచ్చింది.

మీ ఇళ్ళల్లోనూ ఉండేది కదూ, మధ్యలో గుంటపడిన సానరాయి? మాది ధవళేశ్వరం ఆనకట్ట కట్టే రోజుల్లో అమ్మమ్మ ముత్తాతగారు తెచ్చిందట. అమ్మమ్మ దానిమీద నీళ్ళు చిలకరించి, కత్తిని నాలుగుసార్లు రుద్ది, చేతులకు నూనె రాసుకుని పనసపొట్టు కొట్టడానికి కూర్చునేది. "పదును పెట్టిన కత్తి కూరగాయ ముట్టకుండా గూట్లోకి వెళ్ళకూడదే" అనేది.

మధ్యాహ్నానికి మా ఆయన పని ముగిసింది.

"ఏవండీ, ఆ చేత్తోనే పనసపొట్టు కొట్టేయండి" అన్నాను.

"పనసకాయకా? జిగురంటుకుంటే అంచు పాడైపోదూ" అంటూ కత్తిని మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేశారు.

చేసేదేముంది, పాత మొద్దుకత్తితో రెక్కలు పడిపోయేలా నేనే కొట్టి కూర వండాను.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "పొట్టు కాస్త సన్నగా కొట్టాల్సిందోయ్" అన్నారు.