ఆయన లెక్కలో వేసుకోని రామనామాలు

గత నెల ఒక శుక్రవారం ఉదయం మా మావయ్యగారు కాఫీ తాగి, స్నానానికి నీళ్ళు తోడమన్నారు. నేను తోడి వచ్చేసరికి కుర్చీలోనే వెళ్ళిపోయారు. ఎనభై దగ్గర పడిన మనిషి, సుఖంగా పోయారని వచ్చినవాళ్ళందరూ అన్నారు. సుఖం సంగతి నాకు తెలియదు. లొంగిపోయి మాత్రం పోలేదు. ఆ సంగతి మీతో చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఆయన బందరు కోర్టులో టైపిస్టు. ముప్పై ఏళ్ళకు పైగా జనం గట్టు తగాదాలూ వాటాల తగాదాలూ టైపు కొట్టారు. రిటైరైన మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, గళ్ళ పుస్తకం తెరిచి రామకోటి మొదలుపెట్టారు. గడికొక శ్రీరామ. ఇన్నాళ్ళూ ఊరి గొడవలు కొట్టాను, ఇహ ఈయన పేరు రాసుకుంటాను అన్నారు మా అత్తగారితో. అత్తగారు పోయిన ఏడు కూడా మైల రోజులు తప్ప ఒక్కరోజు ఆపలేదు. పుస్తకం నిండితే అట్ట మీద అంకె వేసి బీరువాలో పెట్టేవారు.

అరవై లక్షలు దాటాక కుడిచెయ్యి వణకడం మొదలైంది. ముందు కాఫీ సాసర్లోకి ఒలికేది. తరవాత అక్షరాలు గడి దాటాయి. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని రాసేవారు. ఒక్కో గడికి చెమట పట్టేది. గుడివాడ తీసుకెళ్ళి చూపించాం. నరాల జబ్బు, మందులతో అదుపులో ఉంటుంది గానీ పోదు, రాయడం మానేసి విశ్రాంతి తీసుకోండి అన్నారు డాక్టరు. మావయ్యగారు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అంతా విన్నారు.

"చెయ్యి వణుకుతోంది గానీ నేను వణకట్లేదండీ డాక్టరు గారూ" అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సు పెడన దాటాక, కోటి పూర్తి కాకుండానే పోతానంటావా అమ్మాయ్ అని అడిగారు. నేను కిటికీలోంచి చేలు చూస్తూ ఉండిపోయాను.

మా అమ్మాయి అప్పట్లో డీటీపీ సెంటర్లో పనిచేసేది. అక్కడ కొత్త కంప్యూటర్లు కొన్నప్పుడు పాతదొకటి ఇంటికి తెచ్చింది. తెలుగు టైపు మిషను మీద అక్షరాలు ఎక్కడుండేవో ఇందులోనూ అక్కడే ఉంటాయని చెప్పగానే తాతగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. మొదటి వరస అయ్యీ అవగానే పాత అలవాటు కొద్దీ ఎడమచెయ్యి ఎత్తి, వరస మార్చేందుకు అక్కడ లేని మీటను నెట్టారు. పక్కనున్న మజ్జిగ గ్లాసు ఎగిరి గోడకు తగిలింది.

"ఇది దానంతటదే కింద వరసకి వచ్చేస్తది తాతయ్యా" అని అమ్మాయి పడీపడీ నవ్వింది.

"దాన్ని రానీ. నా చెయ్యి ఊరుకోవద్దూ?" అన్నారు. ఆ రోజు నుంచీ మజ్జిగ గ్లాసు కిటికీలో పెట్టాం.

నిజం చెప్పాలంటే నాకది నచ్చలేదు. కలం పట్టి రాయాల్సిన పేరు ఇలా మీటలు నొక్కి రాయడమేమిటి? కరెంటు పోతే మాయమయ్యేది రామనామం ఎలా అవుతుంది? గొంతు తగ్గించి ఆ మాటే అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు.

"నేను టైపు కొట్టిన కాగితం కోర్టులో చెల్లిందమ్మా. రాముడి దగ్గర చెల్లదా?"

అయితే ఆ మీటలు మరీ సున్నితం. పాత మిషను మీద గట్టిగా కొడితే గానీ అక్షరం పడేది కాదు, ఇక్కడ తాకితే పడుతుంది. చెయ్యి వణికినప్పుడల్లా ఒక శ్రీ చోట మూడు శ్రీలు పడేవి. అలా పడిన పేరును మొత్తం చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టేవారు. ఉంచినవెన్నో చెరిపినవీ అన్నే ఉండేవి. అక్షరం ఎక్కువైతే రాముడేమన్నా కాదంటాడా, ఉంచెయ్యండి అనేదాన్ని.

"అది నా చెయ్యి రాసిందమ్మా. నేను రాసింది కాదు" అనేవారు.

చూడలేక ఒకరోజు అమ్మాయి ఉపాయం చెప్పింది. ఒక్క పేజీ టైపు చేస్తే చాలు, మిగతాదంతా కాపీ చేసి పెడతాను, సాయంత్రానికి కోటి అయిపోద్ది అంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మరి రేపు పొద్దున లేచి నేనేం చెయ్యనమ్మా?"



ఉప్పు తగ్గించమంటే తగ్గించారు. మేడ ఎక్కొద్దంటే మానేశారు. గుండె నీరసించిందని బెజవాడ ఆసుపత్రిలో పది రోజులుంచితే పేచీ పెట్టకుండా ఉన్నారు. ఇంటికొచ్చి గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటూనే, స్విచ్చి వెయ్యమ్మా అన్నారు. చివరి ఏడాది కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేతి చూపుడువేలు ఒక్కదానితోనే కొట్టారు. నేనెప్పుడు మారానో నాకే తెలియదు. ఆ వేలి చప్పుడు వింటూ వంటింట్లో గిన్నెలు మెల్లగా దించేదాన్ని. అది ఆగితే నా చేతిలో పనీ ఆగిపోయేది.

పెద్దకర్మ అయ్యాక చుట్టాలు కూర్చుని లెక్క చూశారు. కోటికి ఇంకా నాలుగు లక్షల చిల్లర తక్కువ. ఆయన ఆత్మ శాంతిస్తుంది, మిగిలినవి కాపీ చేసి పూర్తయిందనిపించండి అన్నారు. మావారు కూడా తలూపారు. అమ్మాయి నా వైపు చూసింది. పెద్దవాళ్ళ ముందు నేను నోరెత్తిన మనిషిని కాను. ఆ రోజు ఎత్తాను.

"చెరిపేసినవి కలుపుకుని ఉంటే ఆయన కోటి ఎప్పుడో అయ్యేది. ఆయనే కలుపుకోలేదు. మనమెవరం కలపడానికి?"

 అమ్మాయి లేచి వెళ్ళి, ఉన్నది ఉన్నట్టు ప్రింటుకి ఇచ్చింది. మూడు రోజులు పట్టింది. ప్రింటర్లోంచి కాగితం తెగకుండా మడతలు మడతలుగా నేల మీదికి దిగింది. ఆఖరి కాగితం మీద రెండు వరసలూ, మూడో వరసలో ఐదు పేర్లూ ఉన్నాయి. కింద అంతా ఖాళీ.

వచ్చే వారం గళ్ళ పుస్తకాలతో పాటు ఆ కట్టలు కూడా భద్రాచలం తీసుకెళ్తున్నాం. నిన్న స్నానం చేసి కట్టలన్నిటికీ పసుపు పెట్టాను. ఆఖరి కాగితంలో పేర్లు లేని భాగాన్ని చింపలేదు. ఆ తెల్లటి చోటుకి కూడా నాలుగు మూలలా పసుపు రాసి, ఆరేదాకా దేవుడి ముందు పరిచి ఉంచాను.