కోయని ఊపిరి

లిఫ్టు ఎక్కుతారు. "తలుపులు మూసుకుంటున్నాయి" అని ఒకామె చెప్పగానే ఒద్దికగా జరిగి నిలబడతారు. బ్యాంకుకి ఫోన్ చేస్తారు. "కాస్త ఆగండి" అంటే నోరు మూసుకుని ఆగుతారు. కన్నతల్లి మాట చెవికెక్కదు గానీ, ఆ గొంతు ఎలా ఆడిస్తే అలా ఆడతారు. అది ఎవరి గొంతని మీలో ఒక్కళ్లయినా అడిగారా? నా కోడలిది! మీలో సగం మందికి పిన్ని, మిగతా సగానికి అత్త. పెళ్లిళ్లలో "ఏదీ, లిఫ్టులో అన్నట్టు ఒకసారి అను" అని పలికించుకుని నవ్వారే తప్ప, ఎలా ఉన్నావని అడిగిన పాపాన పోలేదు.

మా వెనక గదిలో కూర్చుని మాట్లాడేది. గోడలకి పాత బొంతలు మేకులు కొట్టి వేలాడదీసింది. నా పరుపు కోసి తలుపుకి అంటించింది. రికార్డింగ్ మొదలైతే ఇంట్లో ఫ్యాను ఆగాలి, కుక్కరు ఆగాలి, నా నోరు ఆగాలి. మొదటి రెండూ ఆగేవి.

"అత్తయ్యా, మళ్లీ మీరు పడ్డారు!" అని లోపల్నుంచి కేకేసేది. పడ్డానంటే కాలు జారి కాదు, నా గొంతు దాని రికార్డింగులో పడిందని.

"పడితే పడనీవే. లోకమంతా నీ గొంతు వింటోంది, నాది ఒక్కసారి వింటే వాళ్ల చెవులు ఊడతాయా?"

కంప్యూటర్ ముందు కూర్చుని ముందు నన్ను కోసేసేది. తర్వాత తన ఊపిరి కోసుకునేది. మాటకీ మాటకీ మధ్య గాలి పీల్చుకున్న చప్పుడు వినపడకూడదట కంపెనీవాళ్లకి.

"బతికున్న మనిషి ఊపిరి తీసుకోదా?"

"ప్రకటనలో తీసుకోదు అత్తయ్యా."

ఒకసారి ఆ కంపెనీవాడు ఏదో పొడి గురించి చదవమన్నాడు. అది తాగితే షుగర్ పోతుంది, మాత్రలు మానేయండి, ఇదీ సంగతి. నా కోడలు చదవనంది. "మా అమ్మ మాత్రలు మానేసే పోయింది. ఆ మాట నా నోట రాదు" అని మొహమ్మీదే చెప్పింది.

వాడికి దాని నోటితో పనేముంది? అంతకుముందే గొంతు పరీక్ష అని చెప్పి రోజుల తరబడి ఏవేవో వాక్యాలు చదివించుకున్నాడు. ఆ గొంతుని కంప్యూటర్‌కి నేర్పాడు. ఇక వాడు ఏం రాసిచ్చినా అది నా కోడలి గొంతుతో అప్పజెబుతుంది. నెల తిరక్కుండా ఆ పొడి ప్రకటన ఇంటింటా మోగింది. ఇది ఫోన్ చేసి అడిగితే, "ఇలాంటి గొంతులు వందుంటాయి మేడం" అన్నాడు, వాడి మొహం మండ!

ఎదురింటి టైలరమ్మ ఆ ప్రకటన విని మాత్రలు మానేసింది. కుడుతూ కుడుతూ మిషను మీదే పడిపోయింది. ఆస్పత్రి నుంచి వచ్చి తన ఇంటికి కూడా పోలేదు, నేరుగా మా గుమ్మంలోకే వచ్చింది.

"నీ గొంతు కాబట్టి నమ్మానే! కొంప ముంచావు కదే!"

"నేను చెప్పలేదు పిన్నీ."

"నా చెవులు నాకు అబద్ధం చెప్తాయా?"

నేను ఊరుకుంటానా? "సరిగ్గా వినవే! అందులో ఒక్కసారైనా ఊపిరి తీసుకుందా? మనిషయితే తీసుకోదూ?"

"ఎప్పుడు తీసుకుంది గనక? లిఫ్టులో తీసుకుందా?"

అదీ నిజమే. ఆ ఊపిరి కోసింది ఇదే కదా మరి.

వీధంతా దాన్ని చూసి తల తిప్పుకున్నారు. మీరూ తిప్పుకున్నారు, నాకు గుర్తుంది. "డబ్బుకి నోరు అమ్ముకుంది" అన్నది ఎవరో కూడా తెలుసు. పిల్ల ఇంట్లో కూడా మాట్లాడటం మానేసింది.

ఒక పొద్దున వెనక గది తలుపు బార్లా తీసి, ఫ్యాను వేసి కూర్చుంది. నేను వంటింట్లో కుక్కరు పెట్టి, ఆ కంపెనీవాడిని ఏడు తరాలకీ సరిపడా తిడుతున్నాను. వాడి నోట మన్ను పడ, వాడి గొంతు పూడుకుపోను, అంటూ.

"అత్తయ్యా, మీరు పడ్డారు" అంది మెల్లగా.

"కోసెయ్."

"కొయ్యను."

ఆ రికార్డింగు అలాగే అందరి ఫోన్లకీ పంపింది. "ఆ ప్రకటనలో ఉన్నది నేను కాదు. మాత్రలు మానకండి" అన్నది ఒక్కటే మాట. మధ్యలో దాని ఊపిరి, ముక్కు ఎగబీల్పు, కుక్కరు కూత, వెనకాల నేను.

సాయంత్రానికి టైలరమ్మ వచ్చింది. "గొంతయితే ఎవడైనా దొంగిలిస్తాడు గానీ, ఆ తిట్లు ఏ కంప్యూటర్‌కి వస్తాయమ్మా! ఇది మీ ఇంట్లోంచి వచ్చిందే" అని మా చెంబు అందుకుని, మా ముందే మాత్ర వేసుకుంది. నా కోడలు నవ్వింది. ఎన్నాళ్లకో.

కంపెనీలు మాత్రం మళ్లీ పిలవలేదు. ఇది ఫిర్యాదులు పెడుతూనే ఉంది, ఎక్కడ ఆ ప్రకటన వినపడినా తన రికార్డింగు పంపుతూనే ఉంది. పంపుతూ ఉండగానే తలలో నరం చిట్లింది. నిన్న కూడా మందుల షాపులో ఆ పొడి తాగమని దాని గొంతు చెబుతోంది, ఊపిరి తీసుకోకుండా. మీరంతా అక్కడే నిలబడి విన్నారు.

పోయేనాటికి దానికి నలభై మూడేళ్లు.