వాల్యూమ్ సరిచూడని మధ్యాహ్నం

పోయిన శనివారం ఉదయం టొరంటో పక్కన రిచ్‌మండ్ హిల్‌లో, మా ఆఫీసు కిరణ్ తన ఇంటి బేస్‌మెంట్‌లో, ఎవరి దగ్గరో కొన్న పాత ట్యూబ్ డాక్ ఒకటి ఆన్ చేశాడు. ఫోన్‌లో అంకెలుగా ఉన్న పాటను స్పీకర్లకు పనికొచ్చే శబ్దంగా మార్చే పెట్టె అది. పాత రేడియోల్లోలాగా లోపల గాజు వాల్వులుంటాయి. రెండు నిమిషాల్లో వేడెక్కిన దుమ్ము వాసన గదంతా పరుచుకుంది. "మా సెటప్‌కి ఇది సూటవుతుందా అన్నా? నచ్చకపోతే అమ్మినతను వాపసు తీసుకుంటానన్నాడు," అని అడిగాడు. నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. ఏదో పనుందని చెప్పి లేచి వచ్చేశాను. దారంతా పార్థసారథి గారే గుర్తొచ్చారు.

ఆయన ఎడ్మంటన్‌లో రిటైరైన ఎలక్ట్రికల్ ఇంజినీరు. నేను అక్కడ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంటికి పిలిచి, పాట వినడం నేర్పించారు. ఏ రెండు పెట్టెల్ని పోల్చాలన్నా ముందు ఒకే స్వరాన్ని మోగించి, స్పీకరు తీగల దగ్గర మీటరు పెట్టి, రెండింటి వాల్యూమూ సమం చేసేవారు. ఆ తర్వాతే పాట. "ఇంత చాదస్తం అవసరమా అంకుల్?" అన్నానొకసారి. "గట్టిగా మోగేదే మంచిదనిపిస్తుందయ్యా, చెవికి ఆ వెర్రి ఉంది. త్రాసు మీద బొటనవేలు పెట్టి కూరలు తూస్తావా?" అన్నారు.

నెలల తరబడి రివ్యూలు చదివి, కనపడిన వాళ్ళందరికీ గొప్పగా చెప్పి, నేనూ ఒక ట్యూబ్ డాక్ కొన్నాను. అది మా ఇంటికి నప్పుతుందో లేదో చూడమని ఆయన్ని పిలిచాను. ఆయన మీటరుతో, భార్య రాజ్యలక్ష్మి ఆంటీతో వచ్చారు. వాల్యూమ్ సమం చేసి, పెట్టెల మీద తువ్వాలు కప్పారు. ఆంటీ స్విచ్ మారుస్తుంటే, ఏది బాగుందో నేను చెప్పాలి. అయిదుసార్లలో నాలుగుసార్లు నా పాత మామూలు పెట్టెనే ఎంచుకున్నాను.

"తియ్యగానే ఉంది. కానీ నీ స్పీకర్లు అసలే మెత్తన, దాని మీద ఇది. వీణ మీటు మొద్దుబారిపోతోంది. ఇంకో ఇంటికి నప్పుతుందేమో, మీ ఇంటికి వద్దు," అన్నారాయన.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం నాలుగు కుటుంబాలు మా ఇంటికి భోజనానికి, కొత్త పెట్టె వినడానికి వచ్చాయి. ట్యూబ్ డాక్ స్వతహాగానే కాస్త గట్టిగా మోగుతుంది. అది నాకు తెలుసు. తెలిసే సరిచేయలేదు. పాత పెట్టె తర్వాత అది వినిపించగానే అందరూ పాటకు ప్రాణం వచ్చిందన్నారు. పార్థసారథి గారు తల వంచుకుని విని, "వాల్యూమ్ సరిచూశావా?" అని అడిగారు.

"చూశానంకుల్."

"ఇది ఎక్కువగా మోగుతున్నట్టుందే నాకు."

"డెబ్బై దాటాక చెవులు కూడా రిటైరవుతాయి అంకుల్," అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. ఆ జోకు మా వాళ్ళలో చాలాకాలం తిరిగింది. ఆ తర్వాత స్పీకర్లు కొనే ముందు ఆయన్ని అడిగినవాళ్ళు లేరు.

ఆ చలికాలం ఆయన్ని కారులో దింపుతున్నాను. ముందు మంచు తోసే బండి మెల్లగా పోతోంది. "హియరింగ్ టెస్ట్ చేయించుకున్నానయ్యా. వయసుకి తగ్గట్టే ఉందన్నారు. నువ్వన్నది నిజమేనేమో," అన్నారు. చెప్పాల్సిన చోటు అదే. "వదిలేయండి అంకుల్," అని, ఎప్పుడు దారిస్తుందా అని ఆ బండి వైపే చూశాను. తర్వాత నేను టొరంటో వచ్చేశాను. రెండేళ్ళకు ఆయన పోయారు.

కిరణ్ ఇంటినుంచి వచ్చిన మర్నాడు ఆంటీకి ఫోన్ చేసి అంతా చెప్పాను.

"స్విచ్ మార్చింది నేనే కదా బాబూ. నాలుగుసార్లు నువ్వు పాతదే బాగుందన్నావు. ఆ ఆదివారం ఏదో తేడా ఉందని ఆయనతో అన్నాను. 'అతను అబద్ధమాడడు, నా చెవులే' అన్నారు. చివర్లో ఏ పాట పెట్టినా, ఇది బాగుందా అని నన్నడిగేవారు."

ఆ మధ్యాహ్నం మా ఇంటికొచ్చిన వాళ్ళు ఇది చదువుతారని రాస్తున్నాను. ఆయన సరిగ్గానే విన్నారు. అబద్ధం నాది. ఆయన నేర్పిన వినికిడి మాత్రం నన్ను వదల్లేదు. పాట పెడతాను. రెండు పాదాల మధ్య గాయకుడు ఊపిరి తీసుకోవడం స్పష్టంగా వినిపిస్తుంది. లేచి ఆపేస్తాను.