తివాచీలో చిలకలు

ఇంటి ముందు రోడ్డు పనులు మొదలయ్యాక లేచే దుమ్ముకు మా హాల్లో తివాచీ పూర్తిగా మట్టిరంగుకు తిరిగింది. కడుగుదామంటే కుళాయిలో నీళ్లు లేవు. అందుకే ఈ రోజు దాన్ని మిద్దె మీదికి మోసుకెళ్లి, పిట్టగోడ మీద తిరగేసి, చేతులు పడిపోయేదాకా కర్రతో కొట్టాను. అడుగువైపు కొడితేనే లోపలి దుమ్ము రాలుతుంది. తర్వాత పిండిన తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరేశాను. సాయంత్రానికి ఎర్రటి తివాచీ మీద పచ్చటి చిలకలు బయటపడ్డాయి. కిందికి తెచ్చి హాల్లో పరిచాక ఎంత సంతోషమేసిందో!

మా ఆయన ఇంటికొస్తూనే, "కొత్తది యాడ తెచ్చినావే?" అన్నాడు.

"కొత్తది కాదు. మన పెండ్లికి మా నాయన ఇచ్చినాడే, అదే."

"దీంట్లో చిలకలు ఉండాయా!"

ఇన్నేళ్లుగా దాని మీదే కూర్చుని టీవీ చూస్తున్న మనిషి!

అంతలో కరెంటు పోయింది. "ఉడికిపోతాండా" అంటూ ఆయన రోడ్డువైపు కిటికీ బార్లా తెరిచాడు. నేను వద్దని అరిచేలోపే మట్టి టిప్పరొకటి పోయింది. చిలకల మీద మళ్లీ పొర పడింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"ఏడ్చేదెందుకే, వానొస్తే దుమ్మంతా అణిగిపోతాది" అన్నాడాయన.

అనంతపురంలో కూర్చుని ఈ మాటన్న మనిషిని ఏం చెయ్యాలో మీరే చెప్పండి.